గుమ్మం ప్రశ్న

"సార్ వచ్చారు," అంటూ అమ్మాయి లేచి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

గేటు గొళ్ళెం చప్పుడు ఇంకా ఆగలేదు. సగం తాగిన టీ గ్లాసు భోజనాల బల్ల మీద అలాగే ఉంది. ఆవిరి లేస్తూనే ఉంది.

తల్లి ఆ గ్లాసునే చూస్తూ నిలబడింది. పరీక్ష రాసి వచ్చిన రోజు నుంచి ఈ ఇంట్లో "నాన్నా" అనే పిలుపు వినపడలేదు. కాలేజీలో పిలిచే పిలుపుని పిల్ల ఇంటికి తెచ్చేసుకుంది. తప్పు పట్టడానికీ లేదు. ఫిజిక్స్ లెక్చరరుని ఆయన క్లాసులో కూర్చునే పిల్ల సార్ అనక ఏమంటుంది?

"ఐసీయూలో కూడా ఇంతకంటే సందడిగా ఉండేది," అంది కిటికీ పక్క కుర్చీలోంచి వదిన. "అక్కడ కనీసం మిషన్లైనా కూసేవి."

వదిన అంటే మాస్టారి అక్క. నర్సుగా పనిచేసి రిటైరై తమ్ముడింట్లో ఉంటోంది. ఎవరి గుండె ఎలా కొట్టుకుంటోందో మొహం చూసి చెప్పగలనని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం ఒట్టిదైతేనే నయమని తల్లికి ఈ మధ్య అనిపిస్తోంది.

మాస్టారు లోపలికొచ్చారు. బూట్లు విప్పి, రెండూ గోడకి సమానంగా ఉన్నాయో లేదో చూసి, చేతిసంచి మేకుకి తగిలించారు. బల్ల మీది గ్లాసు చూశారు. మూసి ఉన్న తలుపు చూశారు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"తిందా?" అన్నారు భార్యతో.

"మధ్యాహ్నం కాస్త."

"కాస్త అంటే?"

"కంచం ముందు కూర్చుంది."

మాస్టారు తలాడించి ఊరుకున్నారు. వదిన ఊరుకోలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, నాకు మీ ఫిజిక్స్ రాదు. కానీ ఒక్కటి చెప్పు. రోగి వార్డులో అడుగు పెట్టీపెట్టగానే పెద్ద సూది పట్టుకుని ఎదురెళ్తామా? ముందు కూర్చోబెడతాం. పేరడుగుతాం. చెయ్యి పట్టుకుని నాడి చూస్తాం. సూది సంగతి తర్వాత. నువ్వూ ఇన్నేళ్ళూ అంతేగా? మొదటి ప్రశ్న ఎంత మొద్దు పిల్లాడికైనా వచ్చేది పెడతావనేగా నీకా పేరు? ఈసారి ఏం బుద్ధి పుట్టింది?"

మాస్టారు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, "పుట్టింది," అన్నారు. "ప్రశ్న చదివి రాస్తున్నారో, చదవకుండానే రాస్తున్నారో చూద్దామని పుట్టింది."

"చూశావుగా. చదవనివాళ్ళు గట్టెక్కారు. చదివిన నా మేనకోడలు మునిగింది."

ఆయన వంటింట్లోకి నడిచారు. భార్య వెనకాలే వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఆ టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఇంకా వేడిగానే ఉంది.

వంటింట్లో ఆమె కుళాయి విప్పింది. గ్లాసు కడగలేదు. నీళ్ళ చప్పుడు కావాలంతే. వదిన చెవులు గట్టివి.

"కమిటీ వేశారు," అన్నారు మాస్టారు గోడవైపు చూస్తూ. "రేపు పొద్దున కూర్చుంటారు. ప్రిన్సిపాలు, మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్."

"ఎందుకు?"

"పిల్లలు అర్జీ పెట్టారు. మొదటి ప్రశ్న అక్కడ ఉండాల్సింది కాదు, దాని దగ్గరే చాలామంది చతికిలబడ్డాం, పరీక్ష మళ్ళీ పెట్టండి అని."

"పెట్టొచ్చుగా?"

"పొరపాటు జరిగిందంటే పెడతారు. కావాలని పెట్టానంటే పెట్టరు. ప్రశ్న పాఠంలోదే. ఏది ముందుండాలి, ఏది వెనకుండాలి అన్నది పేపరు రాసేవాడి ఇష్టం."

"మీరేమన్నారు?"

ఆయన కుళాయి కట్టేశారు. నీళ్ళు ఊరికే పోతుంటే ఆయన చూడలేరు. ఆమె మళ్ళీ విప్పింది.

"కావాలనే పెట్టానన్నాను," అన్నారు.

 హాల్లో వదినతో అన్నది వదిన నోరు మూయించడానికేమో అనుకుంది ఆమె. కాలేజీలో కూడా అదే చెప్పారన్నమాట.

"పొరపాటు అని ఒక్క మాటంటే పోయేదేముంది? అందరికీ ఇంకో పరీక్ష వస్తుంది. మన పిల్లకీ వస్తుంది. తలుపు తీస్తుంది."

"ఎవరి పొరపాటు అని అడుగుతారు."

"మీదే అనండి."

"నాది కానిది నాదని ఎలా అనను?"

"కావాలని చేశాననడం మాత్రం నిజమా?"

మాస్టారు మొహం తిప్పి ఆమెని చూశారు. ఈ మూడు రోజుల్లో ఆయన ఆమె కళ్ళలోకి సూటిగా చూడడం ఇదే.

"నిజం కాదు. కానీ కావాలని చేశానంటే మాట అక్కడితో ఆగిపోతుంది. పొగరుబోతు అనుకుని వదిలేస్తారు. పొరపాటంటే ఆగదు. ఎలా జరిగింది అంటారు. ఎక్కడ కూర్చుని రాశారు అంటారు. పక్కన ఎవరున్నారు అంటారు. ఒకటి ముందు పెడితే దాని వెనక ఏమేం వస్తాయో నీకంటే ఎవరికి తెలుసు?"

ఆమె కుళాయి ఇంకొంచెం తిప్పింది.

"మన పిల్ల రాసే పరీక్షకి పేపరు నన్ను రాయనిచ్చినప్పుడు హెడ్ మేడమ్‌కి ఏం చెప్పాను? ఇంట్లో ఎవరి కంటా పడదు అని. ఇప్పుడు నీ పేరు బయటికొస్తే నా ఉద్యోగం సంగతి అలా ఉంచు, పిల్ల మాటేమిటి? ముందే తెలుసుకుని కూడా రాయలేకపోయిందంటారా? లేకపోతే తెలుసు కాబట్టే నాటకమాడిందంటారా? ఏదో ఒకటి అంటారు. ఇవాళ మేడమ్ ఏమన్నారో తెలుసా? 'ఇంట్లో పేపరు చూసి ఉంటే మీ అమ్మాయి ఖాళీ కాయితాలు ఇచ్చి వెళ్తుందా సార్, మీ నిజాయితీకి అదొక్కటి చాలదా' అని. నన్ను ఓదార్చడానికే అన్నారు పాపం. నా కూతురు తప్పడమే నాకు సర్టిఫికెట్ అయింది."

ఆయన తువ్వాలు అందుకున్నారు. 

"మీరు తిరగరాసేటప్పుడైనా చూసుకోవాల్సింది," అంది ఆమె మెల్లగా. "మొదటిదేగా. మీ చేత్తోనేగా రాశారు."

"నువ్వు పేర్చిన దాన్ని నేనెప్పుడైనా మళ్ళీ చూసుకున్నానా?"

ఆమెని ఆయన మెచ్చుకున్న సందర్భాలు వెతుక్కున్నా దొరికేవి కావు. ఇదొకటి దొరికింది. ఇలాంటప్పుడు దొరికింది.

"సరే," అన్నారు మాస్టారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. "అయిందేదో అయింది. ఇకనుంచి ఆ పని నేనే చూసుకుంటాను. నువ్వు పెట్టుకోవద్దు."

కుళాయి కట్టేసి వెళ్ళిపోయారు. ఈసారి ఆమె విప్పలేదు.

పెళ్ళైన కొత్తలో ఆయన రాసిపెట్టిన పేపరొకటి బల్ల మీద చూసి, ఉండబట్టలేక అంది ఆమె, "ఇది మొదట పెడితే పిల్లలు బెదిరిపోతారండీ," అని.

ఆమెదీ ఫిజిక్స్ డిగ్రీయే. చదువు పూర్తయిన వెంటనే పెళ్ళయింది. పరీక్ష హాల్లో పేపరు తిప్పగానే మొదటి ప్రశ్న రాకపోతే ఎలా ఉంటుందో ఆమెకి అప్పటికింకా పచ్చిగా గుర్తుంది. ఆయన నవ్వుతారనుకుంది. నవ్వలేదు. "మరి ఏది పెట్టాలి?" అన్నారు.

అప్పటినుంచి అదొక పద్ధతైపోయింది. పరీక్షలు దగ్గరపడుతున్నాయనగా ఒక మధ్యాహ్నం ఆయన చిన్న చిన్న కాయితం ముక్కలు తెచ్చి బల్ల మీద పోసేవారు. ఒక్కో ముక్క మీద ఒక్కో ప్రశ్న, పెన్సిలుతో. ముక్కలు ఎగరకుండా ఫ్యాను ఆపేసేవారు. ఇద్దరికీ చెమటలు కారుతుండేవి. ఆమె ముక్కల్ని అటూ ఇటూ జరిపేది. ఆయన చూస్తుండేవారు.

పిల్లాడు భయపడకుండా లోపలికి రావడానికి మొదటిది. దానికి ఆమె పెట్టిన పేరు గుమ్మం ప్రశ్న. తర్వాత ఒకటి కొంచెం ఆలోచించేది. ఆ తర్వాత రెండు చెమట పట్టించేవి. వాటి వెనకే తేలికది ఒకటి, ఊపిరి తీసుకోవడానికి. మళ్ళీ రెండు గట్టివి, మళ్ళీ ఊపిరి. అన్నిటికంటే కష్టమైనది చిట్టచివర, అంతా రాసేసి ఇంకా టైమున్నవాళ్ళ కోసం. కష్టమైనవన్నీ ఒకచోట కుప్ప పోస్తే తెలివైనవాళ్ళు కూడా కుంగిపోతారని ఆమె వాదన. "ఊపిరి ప్రశ్న మార్కుల కోసం కాదండీ, ధైర్యం కోసం," అనేది.

"ఇది ముందా, అది ముందా?" అని ఆయన అడిగేవారు. మిగతా రోజుల్లో ఆయన ఆమెని ఏదీ అడిగేవారు కారు. ఏ ఊళ్ళో ఇల్లు తీసుకోవాలో అడగలేదు. అక్కగారు వచ్చి ఉంటారన్నప్పుడు చెప్పారు, అడగలేదు. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం అడిగేవారు. చెప్పినట్టు వినేవారు.

ఒకసారి ఆయన క్లాసులో అన్నారట, "మొదటి ప్రశ్న గుమ్మం లాంటిది, తడుముకోకుండా లోపలికి రావాలి," అని. పిల్లలకి నచ్చేసింది. ఆమె మాట ఆమె లేకుండానే కాలేజీకి వెళ్ళిపోయింది. ఈ ఏడు అమ్మాయి ఆయన క్లాసులో చేరాక ఓరోజు ఇంటికొచ్చి, "నాన్న పేపర్లో గుమ్మం ప్రశ్న ఉంటుందిటమ్మా, సీనియర్లు చెప్పారు, ఎంత బాగా పెట్టారో పేరు," అంది. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతూ, "అవును, బాగుంది," అంది.

ఈసారి ముక్కలు పోసినప్పుడు ఆమె ముందు వద్దనే అంది. పిల్ల రాస్తోంది కదా, ఈసారికి మీరే చూసుకోండి అంది.

"నీ నోట్లోంచి మాట బయటికి పోతుందా?" అన్నారాయన.

పోదు. అది నిజమే. కానీ అసలు సంగతి అది కాదని ఆమెకి తెలుసు. ఆ మధ్యాహ్నం పోతే మళ్ళీ ఎప్పుడో. ఫ్యాను ఆపేసి కూర్చుంది.

ఆ తర్వాత పరీక్ష దాకా ఆమె పిల్లకి మొహం చాటేసింది. ఎప్పటిలాగే పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, ఎక్కడినుంచైనా అడుగు," అని పక్కన చేరితే, పని ఉందంది. అడిగితే ఏది అడగాలి, ఏది అడగకూడదు? మొహంలో ఏదైనా కనపడిపోతే? రెండోసారీ పని ఉందంది. పిల్ల, "సరేలే," అని వెళ్ళిపోయింది. మూడోసారి రాలేదు.

ఇక ఆ ముక్క.

"ఒక భవనం పైనుంచి బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు." మాస్టారి పేపరు ఏటా దాంతోనే మొదలు. ఎత్తు మారుతుంది, వేగం మారుతుంది, బంతి ఒక్కోసారి రాయవుతుంది. కానీ చివర మాత్రం ఒకటే: గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకుండా. రోజూ వచ్చే పాలవాడి మొహంలోకి ఎవరు చూస్తారు? వచ్చాడు, గిన్నె పట్టాం, అంతే. ఆమె కూడా ఆ ముక్కని మొదటి మాట చూసి గుర్తుపట్టి, తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టేసింది.

ఈ ఏడు ఆయన ఒక్క మాట మార్చారు. తీసుకోకుండా కాదు, తీసుకుని. గాలిని లెక్కలోకి తీసుకుంటే ఆ బంతి ఇంకో బంతి. సూత్రంలో అంకెలు వేస్తే తేలేది కాదు. మొదటినుంచీ సమీకరణం తయారు చేసుకుని, పేజీ పొడుగునా నడిపించాలి. అది చిట్టచివర ఉండాల్సిన ప్రశ్న. అందుకోసమే రాశారాయన.

పరీక్ష హాల్లో చాలామంది ఆ మాట చూడనేలేదు. పాత అలవాటు కొద్దీ సూత్రం వేసేసి ముందుకు సాగిపోయారు. ఆ ఒక్క ప్రశ్న తప్పింది, మిగతావి రాసుకున్నారు. మాటమాటా చదివినవాళ్ళు మాత్రం అక్కడే ఇరుక్కుపోయారు.

చిన్నప్పుడు పిల్లకి వేలు పట్టి చూపించేది ఆమె, "ప్రశ్న చివరి మాట దాకా చదవాలి. సగం చదివి కలం తియ్యకూడదు," అని. పిల్ల నేర్చుకుంది. నేర్పినమ్మ మర్చిపోయింది.

"మరదలా," అంది వదిన వంటింటి గుమ్మంలో నిలబడి. ఎంతసేపట్నుంచి నిలబడిందో.

"రండి వదినా."

"కడిగిన గ్లాసునే ఎంతసేపు కడుగుతావు? ఇలా ఇవ్వు."

అప్పుడు చూసుకుంది ఆమె. గ్లాసులో చల్లారిన టీ అలాగే ఉంది.

 వదినే పొయ్యి వెలిగించి, నీళ్ళు పడేసి, రెండు గ్లాసులు తీసింది. "ఇద్దరికీ పట్టుకెళ్ళు. దానికొక్కదానికే ఇస్తే మందులా ఉంటుంది. పక్కన కూర్చుని నువ్వూ తాగు."

"తలుపు తీస్తుందో లేదో."

"నీకు తీస్తుంది. కోపం నీ మీద కాదుగా," అంది వదిన టీ వడగడుతూ. ఆ మాట ఎటు తగిలిందో ఆవిడకి తెలిసి ఉండదు. తెలిసి ఉంటే మాత్రం, ఆవిడ నమ్మకం ఒట్టిది కాదన్నమాటే.

తలుపు తీసింది. ఆమె లోపలికొచ్చాక మళ్ళీ వేసింది.

గది సర్ది ఉంది. అంత సర్ది ఉండడమే బాగాలేదు. పుస్తకాలు బీరువా మీదికి ఎక్కాయి. చదువుకునే బల్ల ఖాళీ. దాని మీద ఒక్క ప్రశ్నపత్రం మాత్రం, నాలుగు మడతలు విప్పి, చదును చేసి పెట్టి ఉంది.

"అత్తయ్య పెట్టిన టీనా?" అంది అమ్మాయి ఒక గుక్క తాగి.

"ఎలా తెలిసింది?"

"చక్కెర కొలిచి వేస్తుంది. డోసు లాగా."

ఆమెకి నవ్వొచ్చింది. పిల్ల కూడా నవ్వబోయి ఆపుకుంది. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తున్నాయి. సాయంత్రం కావస్తోంది, ఎవరూ తియ్యలేదు.

"పిట్టా," అంది ఆమె. పిల్లని ఆమె ఒక్కతే అలా పిలుస్తుంది. "రానిది వదిలేసి మిగతావి రాయాల్సిందే తల్లీ. వదిలేసి ముందుకి పోవచ్చుగా?"

"ఏదైనా వేరే ప్రశ్నైతే వదిలేసేదాన్ని. అది మొదటిది."

"అయితే?"

"అయితే ఏమిటమ్మా. సార్ పేపర్లో మొదటిది అందరికీ వచ్చేది ఉంటుంది. అందరికీ తెలుసు ఆ సంగతి. చుట్టూ చూస్తే అందరూ చకచకా రాసేస్తున్నారు. నాకు రావట్లేదు. అంటే ప్రశ్న కష్టమైనదని ఎందుకనుకుంటాను? నాలోనే ఏదో లోపం అనుకున్నాను. గుమ్మమే దాటలేనిదాన్ని లోపలికెళ్ళి ఏం చేస్తాను? కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ కొట్టేశాను. తర్వాతవి చదువుతుంటే అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ మాటలవ్వట్లేదు. లేచి వచ్చేశాను."

ఆమె పిల్ల చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. వదినైతే దాన్నిబట్టి ఏదో చెప్పేది.

"బయటికొచ్చాక తెలిసింది, వాళ్ళెవరూ ఆ మాట చూడలేదని. మర్నాడు హెడ్ మేడమ్ గదిలో సార్ అన్నారట, కావాలనే పెట్టానని. అటెండరు విని అందరికీ చెప్పాడు. క్యాంటీన్‌లో నేను వెళ్తే మాటలు ఆపేస్తున్నారు. జాలి పడాలో, తిట్టుకోవాలో వాళ్ళకీ తెలియట్లేదు. సొంత కూతురికి గుమ్మంలోనే గొయ్యి తవ్వాడంటున్నారు."

"అలా అనకు. ఆయన..."

"ఆయన?"

ఆమె  టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అందులోకి చూసింది.

"మూడు రోజులు నేనూ అదే అనుకున్నానమ్మా," అంది అమ్మాయి. గొంతు మారింది. కోపం పోయి, దాని చోట ఇంకేదో వచ్చింది. "ఇవాళ పొద్దున మేడమ్ నాకూ కబురు పంపారు, రేపు కమిటీ ముందుకి రమ్మని. ఏం అడుగుతారో అని మళ్ళీ పేపరు తీశాను. మొదటిది వేలితో మూసేసి, మిగతాది చదివాను."

లేచి వెళ్ళి బల్ల మీది కాయితం తెచ్చింది. మొదటి ప్రశ్న మీద బొటనవేలు పెట్టి తల్లి ఒళ్ళో పరిచింది.

"చూడు. ఇది కొంచెం ఆలోచించేది. ఈ రెండూ గట్టివి. తర్వాతది చూడు. స్కూలు పిల్లలకి కూడా వస్తుంది. మళ్ళీ రెండు గట్టివి. మళ్ళీ తేలికది."

"ఊఁ," అంది ఆమె.

"చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చి స్కూలు మానేసినప్పుడు ఇంట్లో పరీక్షలు పెట్టేదానివి, గుర్తుందా? రెండు లెక్కలు చెమటలు పట్టేలా ఇచ్చేదానివి. తర్వాత ఒకటి ఇచ్చి, ఇది ఊపిరి తీసుకోవడానికే అనేదానివి. వీపు మీద చెయ్యి వేసి."

ఆమె కళ్ళు కాయితం మీంచి ఎత్తలేదు.

"సార్‌కి ఊపిరి తీసుకోమనడం రాదమ్మా. క్లాసులో గంట కొట్టేదాకా ఒక్క గుక్కలో చెప్తారు. ఎవరైనా వెనకబడితే ఆగరు. ఆయన మంచివారే, కానీ ఆయనకి అది తెలియదు. తెలియనిది పేపర్లోకి ఎలా వచ్చింది?"

ఎదురింటి డాబా మీదికి ఎవరో వచ్చి దుప్పట్లు తీసుకుంటున్నారు. క్లిప్పు కింద పడిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.

"పరీక్ష ముందు పుస్తకం పట్టుకొస్తే పనుందన్నావు. ఎప్పుడూ అననిదానివి. నా మీద కోపమేమో అనుకున్నాను. ఏం చేశానా అని వెతుక్కున్నాను."

"కోపం కాదే పిట్టా."

"కాదని ఇవాళ తెలిసింది," అంది అమ్మాయి. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఆమెకి అనిపించింది, ఓదార్చడం తెలిసిన పని కాబట్టి. "సార్ కావాలని పెట్టలేదు కదూ? నువ్వు చివరి మాట చూడలేదు. అంతేనా?"

ఆమె కాయితం మీద కూతురి బొటనవేలు పక్కకి జరిపింది.  ఇన్నేళ్ళలో బల్ల ముందు ఆ కాయితం ముక్కల దగ్గర ఆమెని చూసినవాళ్ళు ఒక్క ఆయన తప్ప లేరు. ఇప్పుడు ఇంకొకరు చూశారు. అక్కడ లేకుండానే, వరస చూసి గుర్తుపట్టారు. చేతిరాత చూసి పోల్చుకున్నట్టు. అంత భయంలోనూ ఆమెకి సంతోషమేసింది. సంతోషపడినందుకు సిగ్గూ వేసింది.

"రేపు నన్నేం అడుగుతారో నాకు తెలుసు," అంది అమ్మాయి. "ఇంట్లో ఈ పేపరు ఎవరైనా చూశారా అంటారు. అవునంటే సార్ పోతారు. నేనూ పోతాను. లేదంటే సార్ మాటే నిలుస్తుంది, పరీక్ష మళ్ళీ పెట్టరు, అర్జీ పెట్టినవాళ్ళందరూ పోతారు. నా పక్కన కూర్చున్నమ్మాయి కూడా చివరి మాట దాకా చదివింది. దానికి ఈ ఏడు పోతే వాళ్ళింట్లో మళ్ళీ చదివించరు. మొదట ఒక మాట చెప్పాలి కదా అక్కడ. ఏది మొదట చెప్పాలి, ఏది తర్వాత? నువ్వే పేర్చమ్మా. నీకే కదా వచ్చు."

అప్పుడు వినిపించింది, తలుపు బయట చెప్పుల చప్పుడు. మాస్టారు ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులు. నడుస్తూ నడుస్తూ తలుపు దగ్గరికి వచ్చి ఆగాయి. ఇటూ రాలేదు. అటూ పోలేదు.

తల్లీ కూతుళ్ళిద్దరూ తలుపు వంకే చూశారు. కింద సందులో ఆయన నీడ రెండు ముక్కలుగా కనిపిస్తోంది.

ఆమె కాయితాన్ని మడతపెట్టి పక్కన పెట్టింది. ఏది ముందో ఆమెకి ఒక్కటే తోచింది. "ముందు తలుపు తియ్యి, పిట్టా," అంది.

అమ్మాయి లేచింది. గడియ మీద చెయ్యి వేసి ఆగింది. వెనక్కి తిరిగి, బయటికి వినపడేంత గొంతుతోనే అడిగింది.

"తీస్తే లోపలికొచ్చేది నాన్నా, సారా?"